ముల్లు చూసి వాన చెప్పిన నాన్న

వాన కబురు మా ఇంటికి రేడియో కంటే ముందు నాన్నతో వచ్చేది. బి షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకి సైకిల్‌ని వరండాలోకి ఎక్కిస్తూ, "ఎక్కడో గట్టిగానే కురుస్తున్నట్టుంది, ఫ్రీక్వెన్సీ లేచింది" అనేవాడు అమ్మతో. పాల్వంచలో చూస్తే ఆకాశం నిండా చుక్కలే. మర్నాడు పేపరు తిరగేస్తే రాయలసీమలోనో, మహబూబ్‌నగర్‌లోనో, నెల్లూరు వైపో వాన పడ్డట్టు ఉండేది. చిన్నప్పుడు నాకదో విడ్డూరం. నాన్నకి రోజూ చేసే ఉద్యోగం.

నాన్న కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో కంట్రోల్ రూం ఆపరేటర్. పేరులో కొత్తగూడెం ఉన్నా ప్లాంటు ఉన్నది పాల్వంచలో. మా వాళ్లెవరూ అంత పొడుగు పేరు పలకరు. కాగితాల మీద కేటీపీఎస్, నోట్లో "థర్మల్". "మీ నాన్న థర్మలా?" అని అడిగేవాళ్లు, "ఆఁ, థర్మలే" అనేవాళ్లం. అంతటితో మా ఇంటి చరిత్ర మొత్తం చెప్పేసినట్టే.

అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీని అడవి అంచున, మారుమూల ఎందుకు కట్టారని బడిలో ఉండగా నాన్నని అడిగాను. "బొగ్గు మోసుకెళ్లడం కష్టం, కరెంటు మోసుకెళ్లడం తేలికరా" అన్నాడు. అంతకుముందు హైదరాబాద్‌కి కరెంటు ఇచ్చింది హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో నిజాం కాలంలో పెట్టిన థర్మల్ స్టేషన్. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు ఉండేది. దానికి కావలసిన బొగ్గు రైలెక్కి సింగరేణి గనుల నుంచి ఊరిదాకా రావాలి. ఊరి అవసరం చిన్నదిగా ఉన్నంతకాలం అది సరిపోయింది. రాష్ట్రమంతటికీ కరెంటు కావలసి వచ్చేసరికి లెక్క తిరగబడింది. బొగ్గున్న చోటే కాల్చు, తీగల మీద కరెంటు పంపు. కొత్తగూడెం గనులు పక్కనే ఉన్నాయి. ఇక కావలసింది నీళ్లు. దానికి యానంబైలు దగ్గర కిన్నెరసాని వాగు మీద ఆనకట్ట కట్టారు. మేం వనభోజనాలకి వెళ్లి జింకల్ని చూసి వచ్చిన ఆ జలాశయం అసలు పుట్టింది మా బాయిలర్ల దాహం తీర్చడానికే.

మొదటి యూనిట్ 1966లో తిరిగింది, 60 మెగావాట్లు. 1967కల్లా అలాంటివి నాలుగు అయ్యాయి. 1974లో 120 మెగావాట్లవి రెండు, 1977లో ఒకటి, 1978 మొదట్లో ఇంకొకటి. మొత్తం ఎనిమిది యూనిట్లు, 720 మెగావాట్లు. ఈనాటి అంకెల పక్కన ఇది చిన్నగా కనిపించొచ్చు. ఆ రోజుల్లో విజయవాడ థర్మల్ మొదటి యూనిట్ 1979లో గానీ రాలేదు, రామగుండం ఎన్టీపీసీ 1983లో గానీ మొదలవలేదు. అంతదాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బొగ్గు కరెంటుకి పెద్ద దిక్కు మా పాల్వంచే. ఈ మాట నేను గర్వంగానే అంటున్నాను.

ఆ కరెంటు చుట్టూ ఒక ఉద్యమం కూడా ఉంది. 1969లో తెలంగాణ ఉద్యమం రాజుకున్న చోట్లలో మా పాల్వంచ ఒకటి. థర్మల్‌లో స్థానికులకి దక్కాల్సిన ఉద్యోగాల మీద మొదలైన గొడవ ఖమ్మం చేరి, అక్కణ్ణుంచి మొత్తం తెలంగాణకి పాకింది. మా కాలనీలో కోస్తా వాళ్లూ, తెలంగాణ వాళ్లూ గోడకి గోడ ఆనించుకుని బతికారు. ఆ సంగతులు పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. మా పిల్లలకి అర్థమయ్యేది కాదు, ఇప్పుడు అవుతోంది.

ఏటా ఆయుధ పూజ రోజున కుటుంబాలని లోపలికి రానిచ్చేవాళ్లు. కంట్రోల్ రూం అంటే నేను అలాగే చూశాను. గోడ పొడుగునా ఆకుపచ్చ రంగు ప్యానళ్లు, వాటి నిండా గుండ్రటి మీటర్లు, ప్రతి మీటర్‌లో ఒక నల్ల ముల్లు. చార్టు రికార్డర్లలో కాగితం కనీ కనపడకుండా కిందికి జారుతూ ఉంటే ఎర్ర సిరా, ఆకుపచ్చ సిరా గీతలు దానంతటవే పడుతుండేవి. బాయిలర్ మోత తలుపు అవతలే ఆగిపోయేది, కాళ్ల కింద గచ్చు మాత్రం సన్నగా వణుకుతూనే ఉండేది. ఆ రోజు ప్రతి ప్యానల్‌కీ కుంకుమ బొట్టు, బంతిపూల దండ. దండ మీటర్లకి అడ్డం రాకుండా నాన్న పక్కకి సర్ది, ఒక మీటర్ దగ్గర నన్ను నిలబెట్టి, "ఇదీ ఫ్రీక్వెన్సీ. దీన్ని చూడటం వస్తే రాష్ట్రం మొత్తం కనబడుతుంది" అన్నాడు.

ఆ మీటర్ మధ్యలో 50 అని ఉంది. ముల్లు మాత్రం 48 దాటి కొంచెం పైన ఆగి ఉంది. మీటర్ పాడైందేమో అనుకున్నాను. కాదట, దక్షిణ గ్రిడ్, అంటే దక్షిణాది రాష్ట్రాల ప్లాంట్లన్నింటినీ కలిపిన తీగల వల, ఆ రోజుల్లో ఎప్పుడూ అక్కడే ఉండేదట.

కరెంటు గురించి జనానికి తెలియాల్సిన సంగతి ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను. కరెంటుని గోదాములో దాచిపెట్టడం కుదరదు. మీరు స్విచ్ వేసిన క్షణంలోనే ఎక్కడో ఒక టర్బైన్ అంత ఎక్కువ బలంతో తిరగాలి. 50 హెర్ట్జ్ అంటే మా యూనిట్లు నిమిషానికి 3000 చుట్లు తిరగడం. గ్రిడ్‌కి కట్టిన అలాంటి యంత్రాలన్నీ, పాల్వంచలోవైనా నైవేలిలోవైనా, ఒకే తాళానికి తిరుగుతాయి. జనం వాడకం ఉత్పత్తిని మించితే అన్నీ కలిసే నెమ్మదిస్తాయి, ముల్లు దిగుతుంది. వాడకం తగ్గితే అన్నీ కలిసే వేగం అందుకుంటాయి, ముల్లు లేస్తుంది. వాన పడగానే వేల ఊళ్లలో రైతులు మోటార్లు కట్టేసేవాళ్లు. ఆ కట్టేసిన మోటార్ల భారం దిగిన సంగతి నాన్న ముందున్న ముల్లుకి తెలిసిపోయేది. ఏ జిల్లాలో అన్నది ముల్లు చెప్పదు. దానికి క్యారియర్ ఫోన్ ఉండేది. ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే హైదరాబాద్ లోడ్ డిస్పాచ్ వాళ్లతో మాట్లాడే ఫోన్ అది, ఆ మాటలు కూడా కరెంటు వెళ్లే పెద్ద తీగల మీదుగానే వెళ్లేవి.

ముల్లు మరీ దిగితే టర్బైన్ బ్లేడ్లకి ముప్పు. 47.5 దగ్గరికి వస్తుంటే కంట్రోల్ రూంలో ఎవరూ కూర్చోరు. అంత దిగకముందే సబ్‌స్టేషన్లలో కాపలా ఉండే రిలేలనే పరికరాలు కొన్ని ఫీడర్లని, అంటే ఊళ్లకి కరెంటు తీసుకెళ్లే లైన్లని, వాటంతటవే కోసేస్తాయి. మనం "కరెంటు పోయింది" అని విసుక్కున్న వాటిలో కొన్ని అలా పోయినవే, మిగతా గ్రిడ్‌ని కాపాడటానికి. ఎండాకాలం రాత్రి కరెంటు పోతే కాలనీ అంతా మంచాలు బయట వేసుకునేది. ఎవరో ఒకరు, "ఏం బావగారూ, కరెంటు చేసేవాళ్లకే కరెంటు లేదా?" అని నవ్వేవాళ్లు. నాన్న నవ్వేవాడు కాదు. "అక్కడ వరి ఎండిపోతుంటే మనకి ఫ్యాను తిరగకపోతే ఏమైంది" అనేవాడు.

నిజంగా చెమట పట్టించేది మాత్రం ఎండాకాలం కాదు, వానాకాలం. 720 మెగావాట్లు రోజంతా నిండుగా నడిస్తే కోటీ 72 లక్షల యూనిట్ల కరెంటు. ఒక్క యూనిట్ కరెంటుకి సుమారు ముప్పావు కిలో బొగ్గు వేసుకున్నా రోజుకి పన్నెండు, పదమూడు వేల టన్నులు, అంటే మూడు నాలుగు గూడ్సు రైళ్ల బొగ్గు. అదంతా వ్యాగన్ల నుంచి దిగి, క్రషర్లలో నలిగి, బెల్టుల మీద బంకర్లనే పెద్ద తొట్లలోకి ఎక్కి, మిల్లుల్లో పౌడర్‌లా మెత్తగా నూరుకుపోయి, వేడి గాలితో బాయిలర్‌లోకి వెళ్లాలి. వాన నీళ్లు తాగిన బొగ్గు బురదైపోయి బంకర్ గోడలకీ, బొగ్గు కిందికి జారే చూట్‌లకీ అంటుకుపోతుంది. పైన బంకర్ నిండుగా ఉంటుంది, కింద మిల్లుకి చారెడు కూడా దిగదు. ఫర్నేస్‌లో మంట వణకడం మొదలవుతుంది. అప్పుడు ఆయిల్ గన్లు పెట్టి మంట నిలబెట్టాలి. ఆయిల్ అంటే ఖరీదు. మంట ఆరిందా, యూనిట్ ట్రిప్, ఉన్నపళంగా ఆగిపోతుంది. మళ్లీ వెలిగించి గ్రిడ్‌కి కలపడానికి గంటల పని.

ఆ అంటుకున్న బొగ్గుని దించేది మనుషులే. పక్కింటి బాబాయ్ కోల్ ప్లాంట్‌లో చేసేవాడు. జూలై, ఆగస్టు నెలల్లో ఆయన షిఫ్టు దిగి వస్తే కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనిపించేవి కాదు. గడ్డపారతో చూట్‌ని పొడిచి పొడిచి అరచేతులు బొబ్బలెక్కి ఉండేవి. పిన్ని వేణ్ణీళ్లు తోడి పెట్టేది, ఆయన అరుగు మీద కూర్చుని చేతులు ఆ నీళ్లలో ముంచి చాలాసేపు మాట్లాడకుండా ఉండేవాడు. హైదరాబాద్‌లో ఎవరి ఇంట్లోనో టీవీ ఆగకుండా ఆడింది అంటే ఆ రాత్రి ఆ చేతులు ఆడినందువల్లే. మెగావాట్ల గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ చేతులే గుర్తొస్తాయి.

బొగ్గు కరెంటు ఖరీదు చేతుల బొబ్బల దగ్గర ఆగదు. మన దేశపు బొగ్గులో మూడో వంతుకి అటూఇటూ బూడిదే. పదమూడు వేల టన్నులు కాలిస్తే నాలుగు వేల టన్నుల బూడిద ఎక్కడికో పోవాలి. అది ఏ థర్మల్ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లని అడిగినా చెబుతారు. వెలుగు దూరానికి వెళ్తుంది, బూడిద దగ్గరే ఉంటుంది. ఈ మాట చెప్పకుండా థర్మల్‌ని పొగిడితే అక్కడ బతికినవాళ్లకి అన్యాయం చేసినట్టు అవుతుంది.

ముల్లు లేస్తే మంచి కబురేనని అనుకునేవాణ్ణి, 1996 నవంబరు 6 దాకా. ఆ రాత్రి నాన్నది సి షిఫ్టు. పొద్దున ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూర్చున్నాడు. రాత్రి ఫ్రీక్వెన్సీ ఉన్నట్టుండి లేచిందట. వానకి లేచినట్టు మెల్లగా కాదు, మెట్లు మెట్లుగా. కరెంటు ఉత్పత్తి తగ్గించమని ఫోన్ మీద ఫోన్. తగ్గించారు. "తీగలు తెగిపోతున్నాయిరా, ఊళ్లకి ఊళ్లు పోతున్నట్టున్నాయి" అన్నాడు. కోనసీమ మీద తుఫాను విరుచుకుపడిన రాత్రి అది. అమ్మ పుట్టిల్లు అమలాపురం దగ్గర. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని అలా గుమ్మంలో నిలబడిపోయింది. అమ్మమ్మ వాళ్లు బాగానే ఉన్నారని తెలియడానికి మాకు రోజులు పట్టింది. కొబ్బరి తోట మాత్రం మిగల్లేదు. ఆ తర్వాత నాన్న "ఫ్రీక్వెన్సీ లేచింది" అన్నప్పుడల్లా అమ్మ, "వానకేనా?" అని అడిగేది.

థర్మల్ ఒక్కటే రాష్ట్రాన్ని మోసిందని నేను అనను. నీటి కరెంటు పక్కన ఉంటేనే బొగ్గు కరెంటుకి బలం. థర్మల్ యూనిట్ బరువైన మనిషి. కదలడానికి టైము పడుతుంది, కదిలాక రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్, దిగువ సీలేరు నిమిషాల్లో లేస్తాయి, సాయంత్రం పెరిగే వాడకాన్ని అందుకుంటాయి. నీళ్లు అడుగంటితే వాటికి విశ్రాంతి, భారమంతా మా మీద. అసలు గ్రిడ్ మొత్తం పడిపోతే థర్మల్ తనంతట తాను లేవలేదు కూడా. నీళ్ల పంపులు, ఫ్యాన్లు, మిల్లులు తిరగడానికి దానికే ముందు కరెంటు కావాలి. మాకు అది సీలేరు వైపు నుంచి వచ్చే 220 కేవీ లైను మీద రావాలి. "సీలేరు లైను వచ్చింది" అన్న మాట వినగానే కంట్రోల్ రూంలో అందరి ప్రాణం లేచొచ్చేదని నాన్న చెప్పేవాడు. కరెంటు తయారుచేసే చోట కరెంటు కోసం ఎదురుచూసిన వాళ్లకే ఆ మాట విలువ తెలుస్తుంది.

తర్వాతి సంగతులు చకచకా జరిగిపోయాయి. 1997, 98లలో ఐదో దశ కింద 250 మెగావాట్లవి రెండు వచ్చాయి. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయ్యింది. నాన్న మాత్రం రిటైరయ్యేదాకా "బోర్డు" అనే అన్నాడు. 2003 జనవరి నుంచి దక్షిణాది గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీని బట్టి డబ్బులు కట్టే పద్ధతి వచ్చింది. గ్రిడ్ దిగి ఉన్నప్పుడు తన వాటాని మించి లాగిన రాష్ట్రానికి బిల్లు వాచిపోతుంది. ఏళ్ల తరబడి బతిమాలినా, తిట్టినా కదలని ముల్లు ఆ దెబ్బకి యాభై వైపు నడిచింది. ఆ ఏడాది నాన్న ముఖంలో చూసిన సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా చూడలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ దేశం మొత్తంతో ఒకటైపోయింది. ఒక్క రాష్ట్రంలో వాన పడితే కదిలేంత తేలికైన ముల్లు కాదిక అది.

రాష్ట్రం విడిపోయినప్పుడు కరెంటు పంపకం వాడకం లెక్కన జరిగింది. తెలంగాణకి 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కి 46.11 శాతం. అంటే 2014 తర్వాత కూడా పాల్వంచ కరెంటులో కొంత అటు వెళ్లింది, విజయవాడ, ముద్దనూరు కరెంటులో కొంత ఇటు వచ్చింది. 2017 జూన్‌లో ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది. మా కాలనీలో చాలా ఇళ్లలో అన్నదమ్ములు కృష్ణకి ఇటూ అటూ ఉన్నారు. ఆ మూడేళ్లూ చర్చ జరగని ఇల్లు లేదు.

2011లో 500 మెగావాట్లతో ఆరో దశ, 2018 డిసెంబరులో 800 మెగావాట్లతో ఏడో దశ నడకలోకి వచ్చాయి. నాన్న వాళ్లు ఎనిమిది యూనిట్లతో చేసిన దానికంటే ఆ ఒక్క పన్నెండో యూనిట్ ఎక్కువ చేస్తుంది, యూనిట్ కరెంటుకి బొగ్గు కూడా తక్కువే తింటుంది. ఇక పాతవాటిని ఉంచడానికి కారణం మిగల్లేదు. 2019 నుంచి ఒక్కోటి ఆపుతూ 2020 మార్చికల్లా అన్నింటినీ ఆపేశారు. న్యాయమైన నిర్ణయమే. నలభై, యాభై ఏళ్లు దాటిన బాయిలర్లని అరగదీసి నడపడంలో అర్థం లేదు. గాలి కూడా బాగుపడాలి. అలా అనుకున్నాను గానీ, 2024 ఆగస్టు 5న పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలు పెట్టి కూల్చిన వీడియో ఫోన్‌కి వచ్చినప్పుడు చివరిదాకా చూడలేకపోయాను. నాన్న చూశాడు. రెండుసార్లు చూశాడు. "నిలువుగా పడింది, పక్కకి పోలేదు. మంచి పని చేశారు" అన్నాడు.

మా వీధి కుర్రాడొకడు ఇప్పుడు ఏడో దశలో ఇంజినీరు. సెలవుకి వస్తే నాన్న దగ్గర కూర్చుంటాడు. వాళ్లకి ముళ్ల మీటర్లు లేవు, అన్నీ స్క్రీన్లే. కష్టాలు కూడా మారాయి. పగలు సోలార్ కరెంటు పొంగుతుంది, అప్పుడు థర్మల్ తగ్గాలి. పొద్దు వాలగానే సోలార్ పడిపోతుంది, అప్పుడు గబగబా లేవాలి. ఆగకుండా ఒకే తీరున నడవడానికి పుట్టిన యంత్రాన్ని రోజూ ఎక్కించి దించుతున్నారు. "మరి ట్యూబులు ఓర్చుకుంటున్నాయా బాబూ?" అని నాన్న అడిగాడు. "లీకులు పెరిగాయండీ" అన్నాడు ఆ అబ్బాయి. ఇద్దరూ చాలాసేపు బాయిలర్ ట్యూబుల గురించి మాట్లాడుకున్నారు, అమ్మ రెండోసారి టీ పెట్టింది.

నా కోరిక ఒక్కటే. ఆ పాత ప్లాంటు గుర్తుగా ఒక ప్యానల్, ఒక టర్బైన్ రోటర్, చేత్తో గంట గంటకీ రాసిన లాగ్ షీట్లు కొన్ని, పాల్వంచ పిల్లలు వచ్చి ముట్టుకుని చూసేలా ఒకచోట పెట్టాలి. 1966లో మొదటి యూనిట్ తిప్పినవాళ్లలో ఇంకా ఉన్నవాళ్లకి ఎనభై దాటింది. వాళ్లకి తెలిసింది వాళ్ల నోటితోనే రాయించుకోవాలి. నాన్న చెబుతుంటే నేను రాయడం మొదలుపెట్టాను, నోట్‌బుక్ సగం నిండింది. నాన్నది కంట్రోల్ రూం కథ. బొగ్గు కథ బాబాయ్ దగ్గరుంది. దసరాకి ఊరెళ్లినప్పుడు ఆయన దగ్గర కూర్చుంటానని ఫోన్‌లో చెప్పాను. "వానాకాలం సంగతి ముందు రాసుకో, మిగతాది తర్వాత" అన్నాడు.